కన్ను దక్కడం వేరు, ప్రాణం దక్కడం వేరు: కంటి మెలనోమాపై అమలాపురం ప్రసంగం

(కంటి శిబిరాల కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, కళ్ళజోళ్ళ షాపులవాళ్ళతో మాట్లాడిన మాటలివి. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారమండి. రాజోలు, ముమ్మిడివరం నుంచి, రేవు దాటి నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి కూడా ఈ ఎండలో వచ్చారు. అందుకని డొంకతిరుగుడు లేకుండా విషయానికి వచ్చేస్తాను. శుక్లాల గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, శిబిరాల్లో రోజూ చూస్తూనే ఉన్నారు. ఈరోజు చెప్పబోయేది కంటి లోపల పుట్టే మెలనోమా గురించి. అంటే పెద్దవాళ్ళకి కంట్లో వచ్చే కాన్సర్. చాలా అరుదు. అమెరికాలోనే ఏడాదికి పది లక్షల మందిలో ఐదారుగురికి వస్తుంది, మనవాళ్ళలో అంతకంటే చాలా తక్కువ. ఇంత అరుదైనదానికి ఇంతమందిని కూర్చోబెట్టడం ఎందుకంటే, అది వచ్చినవాడు నేరుగా కాన్సర్ ఆసుపత్రికి వెళ్ళడు. చూపు మసకేసిందని ముందు మీ షాపుకో, మీ శిబిరానికో వస్తాడు. అక్కడ మీరు ఏం చెప్తారు అన్నదాని మీద చాలా ఉంది.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. మన వైపు ఒక మాట బాగా నాటుకుపోయింది, "కాన్సర్‌కి కత్తి తగిలితే రేగుతుంది" అని. కన్ను తియ్యాలి అని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదీ ఆ మాట పట్టుకుని వెనక్కి వచ్చేస్తారు, ఆకుపసరులు, చుక్కల మందులు మొదలెడతారు, నెలలు గడిచిపోతాయి. ఆ మాట నిజమో కాదో ప్రపంచంలో పెద్ద ఎత్తునే పరీక్షించి చూశారు. ఆ సంగతి వివరంగా చెప్తాను, దాని కోసమే వచ్చాను.

ముందు కన్ను ఎలా ఉంటుందో చూద్దాం. కోనసీమలో ఉన్నాం కాబట్టి కొబ్బరికాయతోనే చెప్తాను. కాయ పగలగొడితే గట్టి చిప్ప ఉంటుంది, లోపల తెల్ల కొబ్బరి ఉంటుంది, ఆ రెంటి మధ్యలో చిప్పకి అంటుకుని పల్చటి గోధుమరంగు పొర ఒకటి ఉంటుంది కదా. కంట్లో కూడా బయట గట్టి తెల్లగుడ్డు, లోపల చూపునిచ్చే రెటీనా, మధ్యలో నల్లటి రంగు కణాలూ రక్తనాళాలూ నిండిన పొర ఉంటాయి. ఆ మధ్య పొరని కోరాయిడ్ అంటారు. ఈ మెలనోమా ఎక్కువగా పుట్టేది అక్కడే. మిగతావి ఆ పొరకే ముందుభాగాలైన సీలియరీ బాడీలోనో, కంటిపాప చుట్టూ రంగుగా కనిపించే ఐరిస్‌లోనో వస్తాయి. కోరాయిడ్‌లో రక్తం పుష్కలంగా తిరుగుతుంటుంది, కంటి లోపల లింఫ్ నాళాలు ఉండవు. అందుకని ఈ జబ్బు పాకితే రక్తంలోంచే పాకుతుంది, మెడ దగ్గర గడ్డలు కట్టవు. ఇది గుర్తుపెట్టుకోండి, కాలేయం సంగతి వచ్చినప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

లక్షణాలు అంటే, చిక్కే అక్కడ ఉంది. నొప్పి ఉండదు. చాలామందికి మొదట్లో ఏమీ తెలీదు, వేరే పని మీద కంటి పరీక్షకి వెళ్తే బయటపడుతుంది. కొందరికి చూపు మసకబారుతుంది, ఒక పక్క తెరలా నీడ పడుతుంది, మెరుపులు కనిపిస్తాయి, కళ్ళ ముందు నలకలు తేలుతున్నట్టుంటాయి. ఐరిస్‌లో అయితే నల్లమచ్చ పెరుగుతూ కనిపిస్తుంది, ఒక్కోసారి కంటిపాప గుండ్రంగా లేకుండా ఒక పక్కకి లాగినట్టవుతుంది. తెల్లగుడ్డు మీద ఒకేచోట లావుపాటి ఎర్ర నాళాలు ఎన్నాళ్ళైనా తగ్గకుండా ఉంటే, దాన్ని కళ్ళకలక అనుకుని చుక్కలేస్తూ కూర్చోకండి. అలాగని తెల్లగుడ్డు మీద గోధుమరంగు మరక కనిపించిన ప్రతివాళ్ళనీ హడలెత్తించొద్దు, మన చర్మపు రంగువాళ్ళకి అవి మామూలే. పుట్టుకతోనే కంటి చుట్టూ చర్మం మీద, తెల్లగుడ్డు మీద నీలి బూడిదరంగు మచ్చ ఉన్నవాళ్ళుంటారు. వాళ్ళలో ఈ జబ్బు అవకాశం మామూలు కంటే ఎక్కువ. వాళ్ళు మాత్రం ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని లోపలి పరీక్ష చేయించుకోవాలి.

శిబిరాల వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. శుక్లం బాగా ముదిరి కంటి లోపల ఏమీ కనిపించకపోతే, ఆపరేషన్‌కి ముందు బి-స్కాన్ చేయించండి. అది కంటికి చేసే అల్ట్రాసౌండ్, కొద్ది నిమిషాల పని. శుక్లం వెనకాల గడ్డ దాక్కుని ఉంటే, అది తెలియకుండా లెన్స్ వేసి పంపించేస్తే, పోయిన కాలం తిరిగి రాదు. శుక్లం ఒక కంట్లో బాగా ముందే ముదిరిపోయి రెండో కన్ను శుభ్రంగా ఉన్నప్పుడు మరీ అనుమానించాలి. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ చెప్పినట్టు కాదు.

పెద్దాసుపత్రిలో కూడా పరీక్ష కష్టమైనదేమీ కాదు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపల చూస్తారు, ఫోటోలు తీస్తారు, అల్ట్రాసౌండ్‌లో గడ్డ ఎత్తూ వెడల్పూ కొలుస్తారు. కొన్ని గడ్డలు పైపొరని చీల్చుకుని పుట్టగొడుగు ఆకారంలో లేస్తాయి, అది చూస్తే అనుభవమున్న డాక్టరుకి పెద్దగా సందేహం ఉండదు. "ముక్క తీసి పరీక్షకి పంపకుండానే కాన్సర్ అని ఎలా చెప్తారు?" అని చుట్టాలు దెబ్బలాడుతుంటారు. అడగడంలో తప్పు లేదు. మిగతా కాన్సర్లలో చాలావాటికి ముక్క పరీక్ష తప్పనిసరే కానీ, ఇక్కడ పైపరీక్షలతోనే అంత కచ్చితంగా తెలుస్తుంది. ఇందాక అన్నానే, ఆ పెద్ద అధ్యయనంలో తీసిన కళ్ళని తర్వాత ల్యాబ్‌లో కోసి చూస్తే 99.7 శాతం మందిలో ముందు చెప్పిన రోగనిర్ధారణే సరైనదని తేలింది. ముక్క తీస్తే అది ఎక్కువగా క్రోమోజోముల పరీక్ష కోసం తీస్తారు. మూడో క్రోమోజోము ఒకటి పోయిన గడ్డ పాకే ప్రమాదం ఎక్కువ, అది తెలిస్తే తర్వాత ఎంత జాగ్రత్తగా కనిపెట్టుకోవాలో తెలుస్తుంది.

ఇప్పుడు వైద్యం. వంద ఏళ్ళ కిందటి దాకా దీనికి ఒకటే దారి, కన్ను తీసెయ్యడం. 1930లో లండన్‌లో మూర్ అనే డాక్టరు కంటి గడ్డలోకి రేడాన్ గింజ గుచ్చి రేడియేషన్ ఇచ్చి చూశాడు. తర్వాత స్టాలర్డ్ అనే డాక్టరు రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్ బిళ్ళలు తయారుచేశాడు, 1960లలో బెర్లిన్‌లో లొమ్మాట్ష్ అనే డాక్టరు రుథేనియం బిళ్ళలు వాడడం మొదలెట్టాడు. ఈరోజు మనం ప్లాక్ అంటున్నది ఈ వరసలోదే. కంటిగుడ్డు వంపుకి సరిపోయే చిన్న లోహపు గిన్నె అది, లోపలి వైపు రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. ఆపరేషన్ థియేటర్‌లో మత్తిచ్చి, కంటి మీది పల్చటి పొర తెరిచి, లోపలికి లైటు వేస్తే గడ్డ నీడ తెల్లగుడ్డు మీద పడుతుంది. ఆ నీడ చుట్టూ గుర్తుపెట్టి, మందులేని ఉత్త బిళ్ళతో ముందు సరిచూసుకుని, తర్వాత అసలు ప్లాక్‌ని సరిగ్గా గడ్డ వెనకాల తెల్లగుడ్డుకి కుట్టేస్తారు. లెక్కగట్టిన మోతాదు గడ్డ కొస దాకా అందేవరకూ, సాధారణంగా కొన్ని రోజులు, అలాగే ఉంచుతారు. తర్వాత మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి తీసేస్తారు.

అయొడిన్-125 గింజలు పెట్టిన ప్లాక్ ఎత్తైన గడ్డలకి కూడా పనికొస్తుంది. రుథేనియం-106 నుంచి వచ్చే బీటా కిరణాలు లోతుకి వెళ్ళవు. ఐదారు మిల్లీమీటర్ల ఎత్తు దాటని గడ్డలకి అది బాగుంటుంది, చుట్టుపక్కల మంచి భాగానికి దెబ్బ కూడా తక్కువ. మనం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ రుథేనియం ప్లాక్‌ని మన బాబా అణు పరిశోధన కేంద్రంవాళ్ళు, అదే బార్క్, అణు రియాక్టర్లలో వాడేసిన ఇంధనంలోంచి రుథేనియం వేరుచేసి దేశంలోనే తయారుచేశారు. రోగులకి కూడా వాడారు. అంతకుముందే అయొడిన్ గింజలు కూడా బార్క్ తయారుచేసింది. బయటి దేశాల నుంచి ఖరీదైన ప్లాక్ తెప్పించుకోవాల్సిన అవసరం ఆ మేరకి తగ్గింది.

సరే, అసలు సంగతికి వద్దాం. 1978లో జిమ్మర్‌మన్ అనే ప్రసిద్ధ కంటి పాథాలజిస్టు, అంటే తీసిన కళ్ళని ల్యాబ్‌లో పరీక్షించే డాక్టరు, ఆయన సహచరులు ఒక అనుమానం బయటపెట్టారు. కన్ను తీసిన తర్వాత రెండు మూడేళ్ళలో ఎక్కువమంది చనిపోతున్నారు, కన్ను తీసేటప్పుడు నొక్కుడు పడి కాన్సర్ కణాలు రక్తంలోకి చిమ్ముతున్నాయేమో అని. చూడండి, మన పల్లెటూరి మాటే అది, కత్తి తగిలితే రేగుతుంది అన్నదే. అంత పెద్దాయన అన్నాక వైద్యలోకం ఆ అనుమానాన్ని పక్కన పెట్టెయ్యలేదు, గట్టిగా తేల్చుకుందాం అనుకుంది. అమెరికా, కెనడాల్లో కొలాబరేటివ్ ఆక్యులర్ మెలనోమా స్టడీ అని మొదలెట్టారు. 1987 నుంచి 1998 దాకా మధ్యస్థ గడ్డలున్న 1317 మందిని తీసుకుని, చీటీ వేసినట్టుగా, సగం మందికి కన్ను తీశారు, సగం మందికి అయొడిన్ ప్లాక్ పెట్టారు. మధ్యస్థం అంటే ఎత్తు రెండున్నర నుంచి పది మిల్లీమీటర్లు, అడుగు వెడల్పు పదహారు మిల్లీమీటర్ల లోపు. కంటిగుడ్డు మొత్తం అడ్డంగా ఇరవై నాలుగు మిల్లీమీటర్లే, అది కూడా గుర్తుంచుకుంటే గడ్డ ఎంత చోటు ఆక్రమిస్తుందో తెలుస్తుంది.

ఏం తేలిందంటే, ఐదేళ్ళలో అన్ని కారణాలూ కలిపి చనిపోయినవాళ్ళు కన్ను తీసినవాళ్ళలో 19 శాతం, ప్లాక్ పెట్టినవాళ్ళలో 18 శాతం. పన్నెండేళ్ళు వెంటబడి చూస్తే 41, 43 శాతం. తేడా లేదన్నమాట. కత్తి తగిలినందుకు ఎక్కువమంది చనిపోలేదు, కన్ను ఉంచుకున్నందుకూ ఎక్కువమంది చనిపోలేదు. పెద్ద గడ్డలున్న వెయ్యిమంది మీద ఇంకో పరీక్ష చేశారు, కన్ను తీసే ముందు రేడియేషన్ ఇచ్చి కణాల్ని చంపేస్తే మేలేమో అని. దానివల్ల కూడా ప్రాణం విషయంలో లాభం కనిపించలేదు.

ఎందుకలా అంటే, పాకే స్వభావమున్న గడ్డ అయితే దాని కణాలు మనం కనిపెట్టేలోపే, కొన్నేళ్ళ ముందే రక్తంలోకి వెళ్ళి ఎక్కడో నక్కి ఉంటాయని పరిశోధకుల అంచనా. అందుకని నేను ప్రతి కుటుంబానికీ చెప్పేది ఇదే: కన్ను ఉంచడమా తియ్యడమా అన్నది కన్ను గురించిన ప్రశ్న. గడ్డ ఎంత పెద్దది, ఎక్కడుంది, ఆ కంట్లో చూపు ఎంత మిగిలింది అన్నవి చూసి తేల్చుకోవాల్సినది. ప్రాణం గురించిన ప్రశ్న వేరే, దానికి జవాబు జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండడంలో ఉంది. ఈ రెంటినీ కలిపేసుకుని భయంతో ఏదీ చేయించుకోకుండా కూర్చుంటేనే నష్టం.

రేడియేషన్ అంటే మళ్ళీ చూపు వచ్చేస్తుందని ఎవరికీ ఆశపెట్టకండి. అది గడ్డని చంపడానికి, కన్నుని నిలపడానికి. అదే అధ్యయనంలో ప్లాక్ పెట్టిన మూడేళ్ళకి నూటికి 43 మందిలో ఆ కంటి చూపు 6/60కి, అంటే మంచి కన్ను అరవై మీటర్ల నుంచి చూసేదాన్ని ఆరు మీటర్ల దగ్గరికొస్తేనే చూడగలిగే స్థితికి, అంతకంటే కిందికీ పడిపోయింది. రెటీనా నాళాలు పాడవడం, కంటి నరం దెబ్బతినడం, శుక్లం, కంటి లోపలి ప్రెషర్ పెరగడం, ఇవన్నీ నెలల తర్వాత, ఏళ్ళ తర్వాత మెల్లగా వస్తాయి. గడ్డ రెటీనా మధ్యభాగానికో, నరానికో దగ్గరగా ఉంటే ఎక్కువ. ఇప్పుడు కంట్లో ఇంజెక్షన్లతో కొంత ఆపగలుగుతున్నారు. ఇంకో సంగతి, ప్లాక్ తీసేశాక గడ్డ వెంటనే మాయమవదు, నెలల తరబడి మెల్లగా కుంచించుకుపోయి మచ్చలా మిగిలిపోతుంది. "ఇంకా అలాగే ఉందంట, డబ్బులు దండగ" అని ఇంట్లోవాళ్ళు టెన్షన్ పడి చికిత్స మానిపించేస్తారు. వాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

ప్రోటాన్ కిరణాలతో కూడా చేస్తారు, 1975లో అమెరికాలో హార్వర్డ్ సైక్లోట్రాన్ అనే యంత్రం దగ్గర మొదలైంది. కిరణం సరిగ్గా గడ్డ దగ్గరే ఆగేలా చేసుకోవచ్చు, కానీ యంత్రాలున్న చోట్లు చాలా తక్కువ. ఐరిస్‌లో చిన్న గడ్డ అయితే ఆ ముక్క వరకే కోసి తీసెయ్యొచ్చు.

ఇక కన్ను తియ్యడం. గడ్డ మరీ పెద్దదైనా, చూపు పూర్తిగా పోయి ప్రెషర్‌తో నొప్పి ఉన్నా, కంటి నరం చుట్టూ అల్లుకుపోయినా, తియ్యడమే మంచిది. మత్తిచ్చి, కంటిని తిప్పే కండరాలు విడదీసి, నరం కత్తిరించి గుడ్డు మొత్తం తీస్తారు. ఆ చోట ఒక గుండ్రటి ఇంప్లాంట్ పెట్టి దానికి కండరాలు కుడతారు. రెప్పల కింద పల్చటి ప్లాస్టిక్ చిప్ప పెట్టి, సాధారణంగా ఆరు వారాల తర్వాత, గాయం మానాక, కొలత తీసి కృత్రిమ కన్ను చేస్తారు. మనం గాజుకన్ను అంటాం కానీ ఇప్పుడవి యాక్రిలిక్‌వి. రెండో కంటి రంగు చూసి చేత్తో రంగులద్దుతారు. తీసిన కన్నుని తప్పకుండా పాథాలజీ పరీక్షకి పంపాలి. గడ్డ తెల్లగుడ్డు దాటి బయటికొచ్చిందా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది, బయటికొచ్చి ఉంటే ఆ చోటికి రేడియేషన్ ఇవ్వాల్సి రావచ్చు.

ఒక కంటితో బతకడం గురించి మనం సరిగా మాట్లాడం. మొదట్లో లోతు, దూరం అంచనా తప్పుతుంది. గ్లాసులో నీళ్ళు పోస్తే పక్కన పడతాయి, మెట్టు దిగుతుంటే కాలు తడబడుతుంది. కాలవగట్టు మీద బండి నడిపేవాళ్ళు, చెరువుగట్టు మీద రాత్రుళ్ళు తిరిగి ఏరియేటర్లు చూసుకునే రొయ్యల రైతులు, పంటు ఎక్కి దిగేవాళ్ళు కొన్నాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. మెదడు నెలల్లో అలవాటు పడిపోతుంది, తల కొంచెం తిప్పి చూడడం అదే నేర్చుకుంటుంది. కొబ్బరిచెట్టు ఎక్కే మనిషి అయితే నేను వేరే పని చూసుకోమనే చెప్తాను, ఆ మనిషికీ ఆ ఇంటికీ కూడా కూర్చుని చెప్తాను, ఎందుకంటే అది కూటికి సంబంధించిన మాట. మిగిలిన కన్నుకి ఎప్పుడూ గట్టి పాలికార్బొనేట్ అద్దాలు ఉండాలి, పవరు లేకపోయినా సరే. వైకల్య ధ్రువపత్రం విషయంలో ముందే చెప్పెయ్యండి, రెండో కన్ను బాగుంటే ఒక కన్ను పోయినందుకు 30 శాతమే ఇస్తారు, చాలా పథకాలకి కావాల్సిన 40 శాతానికి అది చాలదు. ఆశపడి ఆఫీసుల చుట్టూ తిరిగి అలిసిపోతున్నారు.

ఇప్పుడు కాలేయం. ఈ జబ్బు పాకినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందిలో అది కాలేయానికి వెళ్తుంది. దీర్ఘకాలంలో దాదాపు సగంమందిలో పాకుతుందని లెక్కలు చెప్తున్నాయి, అదీ ఐదేళ్ళకే కాదు, పది, పదిహేనేళ్ళకి కూడా. కన్ను మానింది కదా అని ఫైలు అటకమీద పడెయ్యకూడదు. ఆరు నెలలకోసారి కాలేయానికి స్కాన్ చాలామంది డాక్టర్లు చెప్పే పద్ధతి. పాకిన తర్వాత పనిచేసే మందులు చాలాకాలం దాకా దాదాపు లేవు. 2022లో టెబెంటాఫస్ప్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది, ప్రాణకాలం పెంచినట్టు రుజువైంది, కానీ ఒక రకం జన్యు గుర్తు ఉన్నవాళ్ళకే అది పనిచేస్తుంది.

ఇక మీరు అడగండి.

*డాక్టరుగారండీ, కంట్లో రేడియేషన్ పెట్టుకున్న మనిషి ఇంటికొస్తే చిన్నపిల్లలకి ప్రమాదమాండీ?*

మంచి ప్రశ్నమ్మా. ప్లాక్ కంట్లో ఉన్నన్నాళ్ళూ ఆసుపత్రి గదిలోనే ఉంచుతారు. ఆ రోజుల్లో గర్భిణులు, పిల్లలు చూడ్డానికి వెళ్ళకూడదు. ప్లాక్ తీసేసి ఇంటికి పంపాక ఆ మనిషిలో రేడియేషన్ ఏమీ మిగలదు. మనవణ్ణి ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు. కంచం, మంచం వేరు చేసి వీధరుగు మీద కూర్చోబెట్టడం లాంటివి ఎక్కడైనా జరుగుతుంటే మీరు వెళ్ళి ఆపండి.

*ఆయ్, పొన్నగంటి కూర, కారెట్ రోజూ తింటే రాకుండా ఉంటుందంటారు, నిజమాండీ?*

తినండి బాబాయ్ గారూ, ఒంటికి మంచివే. విటమిన్-ఎ లోపం వల్ల వచ్చే రేచీకటికి అవి పనికొస్తాయి. మెలనోమాని మాత్రం అవి ఆపవు, వచ్చినదాన్ని కరిగించవు. గడ్డ ఉందని తెలిశాక కూరలతో నెలలు గడపొద్దు, అదొక్కటే నా బతిమాలుకోవడం.

*అనుమానం వస్తే ఇక్కడి నుంచి ఎక్కడికి పంపమంటారు? హైదరాబాద్ అంటే భయపడిపోతున్నారు.*

ముందు దగ్గర్లో రెటీనా డాక్టరు ఉన్న చోటికి, కాకినాడో, రాజమండ్రో, భీమవరమో పంపి చుక్కలేసి చూడమనండి, బి-స్కాన్ చేయించండి. గడ్డ అని తేలితే ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రికి విజయవాడలోనూ, విశాఖపట్నంలోనూ కేంద్రాలున్నాయి. కంటి కాన్సర్‌కి ప్రత్యేక విభాగం హైదరాబాద్‌లో ఉంది, ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే చెప్తారు. చెన్నైలో శంకర నేత్రాలయ ఉంది. వెళ్ళేటప్పుడు స్కాన్ ఫిల్ములు, పాత కళ్ళజోడు చీటీలు, షుగరు, బీపీ మందుల కాగితాలు అన్నీ ఒక సంచిలో పెట్టి ఇవ్వండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్ళి ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏది వస్తుందో, ఏది రాదో ఆపరేషన్‌కి ముందే అడగమనండి. ఇంట్లో పెద్దవాళ్ళలో నిర్ణయం తీసుకునే మనిషి ఎవరో, ఆ మనిషిని రోగితో పాటు మొదటిసారే పంపండి. లేకపోతే డాక్టరు చెప్పింది విని మళ్ళీ ఊరొచ్చి, మళ్ళీ అందరూ కూర్చుని మాట్లాడుకునేసరికి పండగలు, కోతలు అడ్డొచ్చి అక్కడే ఆగిపోతుంది.